జమున జట్టు మారిన సంగతి

లింగంపేట దాటి మట్టిరోడ్డు పట్టుకుంటే వచ్చే తండాలో భీక్యా కూతురు జమునను ఎరగనివాళ్లు లేరు. రాళ్లగుట్ట మీద నుంచి సైకిల్ తొక్కుకుంటూ దిగుతుంటే ఒకప్పుడు తిట్టినవాళ్లే, పేపర్లో ఫోటో పడ్డాక మా పిల్ల అని చెప్పుకున్నారు. ఆమె ఆడే ఆటను డౌన్‌హిల్ అంటారు. కొండ మీద నుంచి ఒక్కొక్కరే బయలుదేరాలి. రాళ్లు, చెట్ల వేళ్లు, మలుపులు దాటుకుని ఎవరు తొందరగా కిందికి చేరితే వాళ్లదే గెలుపు. బ్రేకు మీదికి పోయే వేలిని ఆపుకోవడమే ఆ ఆటలో సగం విద్య.

ఆ విద్యను జమునలో ముందుగా గుర్తించింది సలీమ్. దుబాయిలో పనిచేసిన రోజుల్లో అక్కడి కొండల్లో ఈ పందేలు చూసి పిచ్చెక్కించుకున్న మనిషి. తిరిగొచ్చి కామారెడ్డి స్టేషన్ రోడ్డులో సైకిళ్ల దుకాణం పెట్టాడు. ఒకనాడు ఎల్లారెడ్డి వైపు పోతూ, గుట్ట దిగి కాలేజీకి వెళ్తున్న జమునను చూసి మోటార్‌సైకిల్ ఆపాడు. "ఎవరి బిడ్డవమ్మా? మళ్ల ఒక్కసారి దిగి చూపిస్తవా?" అని అడిగాడు. ఆమె దిగి చూపించింది. అట్లా మొదలైంది జట్టు. జమున, పక్క తండా దేవీసింగ్, ఇద్దరే ఆటగాళ్లు. పసుపుపచ్చ జెర్సీల వీపు మీద దుకాణం పేరును సలీమ్ భార్య తస్లీమా స్వయంగా కుట్టేది. సలీమ్ సైకిళ్లను విప్పి గోనెసంచుల్లో చుట్టి, ఇద్దరినీ రైలెక్కించి, ఎక్కడ పందెం ఉంటే అక్కడికి తీసుకుపోయేవాడు. జమునకు వాళ్లు అన్నా వదినలయ్యారు.

దేశం మొత్తం మీద ఆమె రెండో స్థానంలో నిలిచిన ఏడాది బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది పద్మప్రియ, ఒక పెద్ద సైకిల్ కంపెనీ జట్టుకు మేనేజర్. కొత్త సైకిల్, కోచ్, దెబ్బ తగిలితే చూడడానికి డాక్టరు, విదేశాల్లో పందేలు. ఫోన్ పెట్టేలోపే జమున సరేనంది.

"ఇప్పుడున్న స్పాన్సర్‌కు మీరే చెప్పుకుంటారు కదా?" అని పద్మప్రియ అడిగింది.

"చెప్పుకుంట మేడం."

చెబుదామనే కామారెడ్డి వెళ్లింది. ఆమె గడప తొక్కేసరికి సలీమ్ ఆమె సైకిల్‌నే విప్పి పెట్టుకుని ఉన్నాడు. "ఈసారి నీ ముందటి చక్రం షాకబ్జార్బర్లు కొంచెం గట్టిగ పెడుతున్న, చూడు" అన్నాడు సంబరంగా. జమున చూసింది, తల ఊపింది, వచ్చేసింది. ఇంతలో రంజాన్ నెల వచ్చింది. ఉపవాసం ఉన్న మనిషికి ఈ మాట ఎందుకు, పండుగ అయ్యాక చెబుదామని తనకు తానే నచ్చజెప్పుకుంది. తనను తాను మోసం చేసుకుంటున్నానని ఆమెకు తెలియకపోలేదు.

పండుగనాడు ఎప్పటిలాగే వాళ్లింటికి వెళ్లింది. తస్లీమా గిన్నె నిండా షీర్ ఖుర్మా, పండుగ సేమ్యా పాయసం పెట్టింది. తింటుండగా లోపలికి వెళ్లి, మడతపెట్టిన కొత్త జెర్సీ తెచ్చి ఒళ్లో పెట్టింది.

"కొత్త సీజన్‌ది. ఈసారి భుజాల కాడ వదులు పెట్టిన. పోయినసారి పట్టేసిందంటివి గద."

సలీమ్ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. అప్పటికి జమున కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టేసి ఉంది. నోరు తెరిస్తే చాలు. నోట్లో ఉన్న సేమ్యా మింగి, "బాగుంది వదినా" అంది. జెర్సీ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా ఆ సంచిని ఒళ్లో పెట్టుకోలేక కాళ్ల దగ్గర పెట్టుకుంది. అది కూడా తప్పనిపించి మళ్లీ పైకి తీసింది.

పండుగ ముగిసీ ముగియకముందే కంపెనీ ఆమె ఫోటో బయటపెట్టింది. నల్ల జెర్సీ, మెరిసే సైకిల్, కింద స్వాగతం అన్న మాట. దేవీసింగ్ ఫోన్ చేశాడు.

"అక్కా, గిది నిజమేనా?"

"నిజమే."

"సలీమన్న దుకాణంల కూసొని నీ ఫోటోనే చూస్తున్నడు."

సలీమ్ నుంచి ఫోన్ వస్తుందని జమున రోజంతా చూసింది. తిడతాడేమో, తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఫోన్ రాలేదు. భీక్యాకు మక్క చేను దగ్గర ఎవరో చెప్పారు. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కూతురి ముందు నిలబడ్డాడు.

"పండుగనాడు ఆయన ఇంట్ల తింటివి. తినుకుంట గిట్లెట్ల ఊకున్నవే?"

మర్నాడు జెర్సీ పట్టుకుని కామారెడ్డి వెళ్లింది. దుకాణంలో ఎవరో ట్యూబు మార్పించుకుంటున్నారు. సలీమ్ తలెత్తి చూసి, స్టూలు ముందుకు జరిపాడు.

"రండి మేడం. కూసోండి."

ఆ "మేడం" అనడంలో వెటకారం లేదు. అదే జమునకు భరించరానిదైంది. పరాయి మనిషికి ఇచ్చే మర్యాద అది. వచ్చినాయన ట్యూబు మార్పించుకుని వెళ్లేదాకా నిలబడే ఉంది.

"అన్నా, చెప్దామనే అనుకున్న. నువ్వు వద్దంటవని..."

"నేను వద్దంటనా?" సలీమ్ చేతిలోని పానా కింద పెట్టాడు. "నా దుకాణం నీకు ఎన్ని రోజులు సరిపోతదో నాకు తెల్వదా? నువ్వు పోయినందుకు నాకు బాధ లేదు. మా ఇంట్ల కూసొని గూడ మమ్మల్ని నమ్మకపోతివి చూడు, అది బాధ."

వెనక ఇంట్లోంచి తస్లీమా వచ్చింది. జమున జెర్సీ చాపితే అందుకోలేదు. "నీ కొలతకు కుట్టిన. ఇంకెవరికి పడ్తది? నీ కాడనే ఉంచుకో" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత బెంగళూరు. కొత్త సైకిల్ నిజంగానే గాల్లో తేలినట్టుండేది. మొదటి పెద్ద పందెంలో జమున మొదటి స్థానం కొట్టింది. కింద గీత దాటగానే మైకు పట్టుకుని ఒకాయన, ఈ ఆట ఎవరు నేర్పారని అడిగాడు. కొత్త కోచ్ పేరు చెప్పాలని ముందే చెప్పి ఉంచారు. జమున మాత్రం, "కామారెడ్డి సలీమన్న. ఆయనకు చెప్పకుండ వచ్చిన, తప్పు చేసిన" అంది. పద్మప్రియ ముఖం చిట్లించుకుంది.

ఆ సాయంత్రం సలీమ్ ఫోన్ చేశాడు.

"చూసిన. మంచిగ దిగినవ్" అన్నాడు. "కని గట్ల లోకం ముందట చెప్పుడు ఎందుకు? ఆనాడు నా ఒక్కని ముందట చెప్తే అయిపోతుండె" అన్నాడు.

మెడలో పతకం వేలాడుతుండగానే ఆమె తల వంచుకుంది. అందరూ మెచ్చుకున్న ఆ మాట తన బరువు దించుకోవడానికే తప్ప సలీమ్ కోసం అన్నది కాదని అప్పుడర్థమైంది.

మరుసటి ఏడు దేవీసింగ్‌కు వేరే జట్టు నుంచి పిలుపొచ్చింది. సెలవు మీద తండాకు వచ్చిన జమున దగ్గరికే ముందుగా పరుగెత్తుకొచ్చాడు. "సలీమన్నకు ఎట్ల చెప్పాలక్కా? నాతోని అయితలేదు."

"ఇప్పుడే పోయి చెప్పు. రేపంటే ఇగ చెప్పలేవు" అంది. తాను కూడా బస్సెక్కింది. దుకాణం బయట, ఎండలో నిలబడింది. లోపల దేవీసింగ్ నేల చూపులు చూస్తూ నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. సలీమ్ గ్రీజు చేతులతోనే అతన్ని వాటేసుకున్నాడు. "తస్లీమా! ఇటు రా, మన దేవీ పెద్ద జట్టుల పడ్డడు!" అని వీధి వినేలా అరిచాడు.

ఆ ఆదివారం వాళ్లింట్లో దావత్. చుట్టుపక్కల దుకాణాల వాళ్లంతా వచ్చారు. సలీమ్ దేవీసింగ్ మెడలో పూలదండ వేసి, అతని మొదటి పందెం కథ చెప్పి అందరినీ నవ్వించాడు. జమునను కూడా పిలిచారు. పక్కన పెట్టలేదు. అందరి మధ్య కూర్చోవలసి వస్తుందని ఆమె బిర్యానీ గిన్నె పట్టుకుని వడ్డనకు దిగింది. ఒక్క మాట చెప్పి ఉంటే తనను కూడా ఈ ఇంటి నుంచి ఇట్లాగే సాగనంపేవాళ్లు. తస్లీమా ఆమె చేతిలో గరిటె తీసుకుని, "చాలు, తిను పో" అంది. జమున గోడవారగా కూర్చుంది. అందరూ దేవీసింగ్‌ను చూస్తున్నారు గనుక, ఆమె కళ్లు తుడుచుకోవడం ఎవరూ గమనించలేదు.