తమ్ముడి కరపత్రం రాయడానికి కుప్పం దాకా

మా పిన్ని కొడుకు మునిరత్నం కుప్పం దగ్గర వాళ్ల పల్లెకు ప్రెసిడెంటుగా నిలబడుతున్నాడు. మా వైపు సర్పంచిని ఇప్పటికీ ప్రెసిడెంటనే అంటారు. "నువ్వు తెలుగు టీచరువి కదక్కా, కరపత్రం నువ్వే రాయాల" అని పది రోజులుగా ఒకటే ఫోన్లు. ఒక ఫోటో కూడా పంపాడు. కాషాయం పంచె, నుదుట విభూతి, మెడనిండా రుద్రాక్షలు, కింద "మార్పు కోసం ఒక భక్తుడు" అని. నాకు తెలిసిన మునిరత్నం అందరం గుడిలోకి వెళ్తే బయట చెప్పుల దగ్గర కూర్చునే రకం. ఆ ఫోటో చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రాయనని ఫోనులో చెప్పలేక, రాస్తానని ఒప్పుకోలేక ఆదివారం బయలుదేరాను.

మదనపల్లెలో ఆరింటికి పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. టమోటా లారీలు యార్డు వైపు తిరిగేచోట పావుగంట ఆగిపోయాం. ఏడు దాటాక పుంగనూరులో దిగి, బస్టాండు పక్కన ఒకామె నడిపే చిన్న హోటల్లో ముప్పై రూపాయలకు ఇడ్లీ, వడ తిన్నాను. తింటూ మునిరత్నం పంపిన ప్రసంగం ఫోనులో పెట్టాను. చట్నీ పోయడానికి వచ్చిన హోటలామె కాసేపు విని, "ఎవురమ్మా ఆయప్ప? మాటకు ముందొక నేను, ఎనకొక నేను అంటాండాడే!" అంది. మా తమ్ముడని చెప్పడానికి సిగ్గేసి ఫోను కట్టేశాను.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పదకొండు. అక్కడి నుంచి పల్లెకు ఆటో రెండు వందలు. డ్రైవరు గోవిందప్పది పక్క ఊరే. మునిరత్నం ప్రెసిడెంటుగా నిలబడే మాట ఎత్తగానే నవ్వాడు. "పోయిన తూరి మా ఊర్లో గెలిచినాయప్ప కూడా ఇట్లే మాలేసినాడమ్మా. గెలిచినంక మాల తీసినాడు, ఫోను మాత్రం తీయల్యా."

నేను దిగేసరికి మునిరత్నం గుడిమెట్లు కడుగుతున్నాడు. ఎవరో వీడియో తీస్తున్నారు. తీసేవాడు చాలన్నాక చీపురు పక్కన పెట్టి, "వచ్చినావా అక్కా" అంటూ నా సంచి అందుకున్నాడు. ఇంట్లో సంగటి తింటూ అడిగాను, గెలిస్తే ఏం మారుస్తావని. "అన్నీ మార్చేస్తానక్కా" అన్నాడు. ముందు ఏది అంటే మాత్రం ఇంకో సంగటి ముద్ద నా పళ్లెంలో పెట్టాడు. ఇంతలో అతనికోసం ఎవరో వస్తే, నేను లేచి ఊరి చివర ఎస్సీల ఇళ్లుండే పై వీధి దాకా నడిచాను. మనసులో ఉన్నదల్లా ఒకటే. రాయనని ఎలా చెప్పాలి?

పై వీధి కొళాయి కింద ఐదారు ఖాళీ బిందెలు వరుసలో ఉన్నాయి. వాటి పక్కన కూర్చున్న రాజమ్మ అనే ఆమెను మునిరత్నం గురించి అడిగాను.

"మంచోడేమ్మా. రెండేండ్ల కింద ఎండాకాలం మోటరు కాలిపోతే తన ట్రాక్టరుతో నెల దినాలు మాకు నీళ్లు తోలినాడు. పైసా తీసుకోల్యా. ఇబుడేందో, ఓటడిగే దానికి గూడా ఈ వీధికి రాల్యా."

ఆ మాట విని గబగబా వెనక్కి వచ్చాను. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమని అడిగితే మునిరత్నం లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆ వీధోళ్లకు నీళ్లు తోలినానని అచ్చేస్తే, ఈ వీధిలో నాకెవురేస్తారక్కా? దేముడి బట్టలైతే ఎవురూ కాదనరు."

"ఆ బట్టల్లో భక్తి ఉందా?"

"తెలీదక్కా. బయం మాత్రం ఉండాది" అన్నాడు, తలెత్తకుండా.

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కాగితం తీసుకుని నాలుగే వాక్యాలు రాశాను. మొదటిది నీళ్ల సంగతి. రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "సూస్తానక్కా."

బుధవారం కరపత్రం వాట్సాప్‌లో వచ్చింది. కాషాయం ఉంది, మార్పు ఉంది, చివరి మూడు వాక్యాలూ ఉన్నాయి. నీళ్లు లేవు. ఫోను చేస్తే "గెలిచినంక చెప్తానక్కా" అన్నాడు. పోలింగు వచ్చే వారం, నాకు అక్కడ ఓటు లేదు. ఉంటే ఎవరికి వేసేదాన్నో నాలుగు రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. ట్రాక్టరు తోలిన మునిరత్నానికైతే కళ్లు మూసుకుని వేస్తాను. కానీ నిలబడింది గుడిమెట్ల మీది మునిరత్నం. గెలిచాక పై వీధికి వెళ్లేది ఇద్దరిలో ఎవరో అతనికైనా తెలుసో లేదో.

అటు వెళ్లేవాళ్లకు ఒక మాట: కుప్పం చుట్టుపక్కల పల్లెలకు వెళ్తే ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి. నేను ఒక్క వైపే మాట్లాడుకుని, తిరుగు బస్సు కోసం మెయిన్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు ఎండలో నడిచాను.