రాబందు వాలిన ఇల్లు

మా నాన్న విజయనగరంలో డ్రాయింగు మాస్టారు. ఎవరిదో పాత బంగళా ఖాళీ చేస్తూ, చెదలు తిన్న, తెల్లదొరల కాలంనాటి పక్షుల పుస్తకం ఒకటి చెత్తలో పారేస్తే, అందులో మిగిలిన అయిదు బొమ్మలు ఇంటికి తెచ్చుకున్నాడు. గరుడపక్షి, డేగ, సాళువ, గుడ్లగూబ, రాబందు. రాగిరేకు మీద గీతలు చెక్కి, కాగితం మీద అచ్చు వేసి, ఆపైన ఎవరో కూర్చుని ఒక్కొక్కదానికీ కుంచెతో రంగులు దిద్దినవి. అంత పాతబడినా రాబందు మెడమీది గులాబీరంగు మాసిపోలేదు. తడిచేతులతో వాటి దగ్గరికి వెళ్తే మా వీపులు విమానం మోత మోగేవి. అలాంటి మనిషి నా పెళ్ళికి అయిదింటికీ అద్దాలు కట్టించి ఇచ్చేశాడు. నామీద అంత ప్రేమ ఉందని మురిసిపోయాను, పిచ్చిమొహాన్ని.

అత్తవారిది చీపురుపల్లి దగ్గర వ్యవసాయం. అరవైల చివర అక్కడ కాపురానికి వెళ్ళాను. మా అత్త గరుడపక్షికి అద్దం మీదే బొట్టుపెట్టి దండం పెట్టుకుంది. రాబందును చూసి ముఖం మాడ్చుకుంది. ఆ వైపు రాబందు ఇంటికప్పు మీద వాలితే ఇల్లు ఖాళీ చేసి, శాంతి చేయించాక గాని మళ్ళీ అడుగుపెట్టరు. నా ఖర్మకి నెల తిరక్కుండానే పాడిగేదె కడుపు ఉబ్బి చచ్చింది. ముందురోజు దానికి కుండెడు గంజన్నం కుమ్మరించింది మా అత్తే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బొమ్మమీద పడింది.

"కప్పుమీద వాలితేనే ఇల్లు పాడెట్టీవాల. నువ్వు గోడెక్కించినావేటే, దరిద్రపుదానా" అంది.

అవి కోతల రోజులు. అందరూ ఇల్లు వదిలితే ధాన్యం ఎవరు చూసుకుంటారు? అందుకని పిట్టను తెచ్చిన మనిషే బయటికి పోవాలని తేల్చారు. నా చాప గొడ్లసావిట్లో పడేశారు. గుమ్మంలోంచి విస్తరి నేలమీదకి తోసేవారు. మొగుడుగారు పళ్ళు తోముకుంటూ "అమ్మ సెప్పినట్టు ఇను" అన్నాడు. అంతే.

రాబందు బొమ్మను మా అత్త నా చేత్తోనే కాల్పించింది. అద్దం ఊడదీసి పొయ్యిలో పెట్టాను. అది కాలిపోతే నన్ను లోపలికి రానిస్తారనుకున్నాను.

"బొమ్మ పోనాది. దోషం పోనాదేటి?" అంది.

ఇక ఒక్కటే ఆశ, నాన్న వచ్చి తీసుకుపోతాడని. ఎవరో చెబితే ఒక మధ్యాహ్నం రానే వచ్చాడు. పేడచేతులతోనే కాళ్ళమీద పడ్డాను.

"నాన్నా, నన్ను ఇంటికి తీసుకుపో. ఇక్కడుంటే సచ్చిపోతాను."

"రాబందు ఏదమ్మా?" అన్నాడు.

కాల్చేశానని చెప్పాను. అరుగుమీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. నాకోసమే అనుకున్నాను. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, గోడకున్న నాలుగు పటాలూ తనే దించి కండువాలో మూట కట్టాడు.

"ఇవి ఇక్కడ బతకవు వదినగారూ. తీసుకెల్లిపోతన్నాను" అని మా అత్తతో చెప్పాడు. ఆవిడ అడ్డు చెప్పలేదు.

"మరి నేను?" అన్నాను.

"ఆడపిల్లవి. సర్దుకోవాలమ్మా" అన్నాడు.

ఆ మహానుభావుడికి కన్నకూతురికంటే కాగితం పిట్టలే ఎక్కువయ్యాయి. మూటకి ఎండ తగలకుండా గొడుగు దానిమీదకే వంచి, స్టేషను దారి పట్టాడు.