బాతులు ఆగకూడదు

ఈ భూమ్మీద ఉన్న వీడియోలన్నిటినీ ఒకే కంప్యూటర్ తెర మీదికి తోలుకొచ్చి, ఒక్కటీ తడబడకుండా ఒకేసారి నడిపించగల మొనగాడు మా తాతయ్య. ఆయనకి సాటి లేరు. ఉన్నారంటే ఎదురుగా రమ్మనండి, చెయ్యి అడ్డంపెట్టి అక్కడే ఆపేస్తాడు.

ఆయన ట్రాఫిక్ కానిస్టేబుల్ మరి. రిటైరయ్యాడు కదా అంటారేమో, అది పోలీసు శాఖ అభిప్రాయం. తాతయ్య లెక్కలో ఆయనకి జంక్షన్ నుంచి ఇంటికి బదిలీ అయిందంతే. ఈల ఇప్పటికీ మెడలోనే ఉంటుంది, స్నానానికి కూడా తియ్యడు. వంటగది గుమ్మంలో అమ్మమ్మా అమ్మా ఎదురుపడితే కుర్చీలోంచే చెయ్యెత్తి, వేడి గిన్నె ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి దారి ఇప్పిస్తాడు. లిఫ్టు దగ్గర దిగేవాళ్లు దిగేదాకా ఎక్కేవాళ్లని గీత అవతలే నిలబెడతాడు. అక్కడ గీతేమీ లేదు. అయినా అందరూ దాని అవతలే నిలబడతారు. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకున్నప్పుడు డాక్టరూ నర్సూ ఇద్దరూ ఒకేసారి నోట్లోకి చేతులు పోనిస్తే, పడుకున్నవాడు పడుకున్నట్టే చెయ్యెత్తి నర్సుని ఆపాడట. ఆవిడ ఆగింది కూడా.

ఆయనకి గిట్టనిది ఒక్కటే. ముందొచ్చినవాడు రోడ్డంతా తనదే అనుకోవడం.

ఇలాంటి మనిషి వీడియోల్లో ఎందుకు పడ్డాడో చెప్పాలంటే అమ్మమ్మ అక్కచెల్లెళ్ల సంగతి చెప్పాలి. పెద్దమ్మమ్మ, అమ్మమ్మ, చిన్నమ్మమ్మ ముగ్గురూ తలో ఊళ్లో ఉంటారు. చిన్నమ్మమ్మకి పుట్టుకతోనే వినబడదు. చేతులతో మాట్లాడుతుంది, మనం నోటితో మాట్లాడేదానికంటే వేగంగా. ఆదివారం పొద్దున ముగ్గురూ వీడియోలో కలుస్తారు. పెద్దమ్మమ్మ తన కొడుకు పెట్టిచ్చిన అప్లికేషన్ తప్ప ఇంకోటి ముట్టదు. చిన్నమ్మమ్మ తన స్నేహితురాళ్లు వాడే అప్లికేషన్ తప్ప వాడదు. మొండితనం వాళ్ల పుట్టింటి ఆస్తి, ముగ్గురూ సమానంగా పంచుకున్నారు. అందుకని మా కంప్యూటర్లో రెండు విండోలూ పక్కపక్కన తెరిచి, అమ్మమ్మ ఎదురుగా కూర్చుని, ఇందులో విన్నది అందులోకి చేతులతోనూ, అందులో చూసింది ఇందులోకి నోటితోనూ చేరవేస్తుంది.

పెద్దది కాబట్టి ముందు పెద్దమ్మమ్మ విండోనే తెరవాలి. అక్కడే వచ్చింది చిక్కు. ఆవిడ బొమ్మ సాఫీగా నడిచేది, చిన్నమ్మమ్మ బొమ్మ కుంటేది. పైకెత్తిన చెయ్యి కనబడేది, ఆ వెంటనే ఒళ్లో ఉన్న చెయ్యి కనబడేది, మధ్యలో చెప్పిన మాట గాల్లో కలిసిపోయేది. చెవులతో వినేవాళ్లకి బొమ్మ కుంటినా పరవాలేదు. చిన్నమ్మమ్మకి బొమ్మే మాట. ఒకసారి మోకాలి నొప్పి తగ్గిందని ఆవిడ చెబితే, కుక్క తప్పిపోయిందనుకుని అమ్మమ్మ చాలాసేపు ఓదార్చింది.

చెప్పిందే చెప్పి చెప్పి చిన్నమ్మమ్మ విసిగిపోయింది. ఒక ఆదివారం, బొమ్మ ఎంత కుంటినా అర్థమయ్యేలా ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది. నా చేతులు నొప్పెడుతున్నాయి, ఇక మీరిద్దరే మాట్లాడుకోండి అని. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. పై ఆదివారమూ రాలేదు. అమ్మమ్మ పెద్దమ్మమ్మతో మాట్లాడుతూనే పక్కనున్న ఖాళీ వైపు చూసేది.

తాతయ్య కుర్చీలోంచి లేచాడు. కంప్యూటర్ డబ్బాని సంకలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని రిపేరు షాపుకి నడిచాడు.

పదో తరగతి దగ్గర చదువుకీ నాకూ మాటలు ఆగిపోయాయి కాబట్టి షాపతను చెప్పింది నాకు సగమే ఎక్కింది. ఆ సగం ఇది. వీడియోని విప్పి తెర మీద నడిపించడానికి డిస్‌ప్లే కార్డులో వేరే దారి ఉంటుంది. మా పాత కార్డులో ఆ దారి ఒక్కటే. ముందు తెరిచిన అప్లికేషన్ దాన్ని పట్టుకుంటుంది. రెండోదాని బరువు ప్రాసెసర్ మొయ్యాలి, అది మొయ్యలేక కూలబడుతుంది.

తాతయ్య మొహం వెలిగిపోయింది.

"అంటే ముందొచ్చిన లారీ రోడ్డంతా ఆక్రమిస్తే, వెనకొచ్చినవాళ్లు కాలవలో దిగి నడవాలి. అంతేనా?"

"అంతే సార్. వేరే కార్డు వేస్తాను, అందులో అందరికీ దారి ఉంటుంది. ఎన్ని వీడియోలు నడవాలి మీకు?"

"పట్టినన్ని."

ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు షాపతను తర్వాత చాలా బాధపడ్డాడు.

కొత్త కార్డుతో ఇంటికొచ్చాక తాతయ్యకి పూనకం వచ్చింది. ఒక అప్లికేషన్లో రైలింజను, ఇంకోదాంట్లో కుస్తీ, మరోదాంట్లో జుట్టు కత్తిరించడం, మేఘాలు, ఎవరో ఒకావిడ తెల్లగోడ ముందు నిలబడి వేళ్లు తిప్పుతూ నేర్పే పాఠం, ఓ మూల చెరువులో బాతులు. అన్నీ ఒకేసారి. ఆ బాతులే కొలమానం. అవి తిన్నగా ఈదుతుంటే రోడ్డు బాగున్నట్టు. ఈ గట్టు దగ్గర మాయమై ఆ గట్టు దగ్గర తేలాయంటే ఎక్కడో జామ్ అయినట్టు. వెంటనే ఈల మోగేది.

"బాతులు ఆగాయి!"

ఇంట్లో ఎవరు ఎక్కడున్నా ఉలిక్కిపడాల్సిందే. కింది వాటా ఆయన పైకొచ్చి, ఈ బిల్డింగులో కోళ్లూ బాతులూ పెంచకూడదని మర్యాదగా గుర్తుచేసి వెళ్లాడు. ఈల మోగినప్పుడల్లా తాతయ్య డబ్బా ఎత్తుకుని షాపుకి పోయేవాడు. అతను ఓసారి కార్డుని నడిపించే డ్రైవర్ మార్చాడు, ఓసారి ఒక్కో అప్లికేషన్లోకీ వెళ్లి కార్డు వాడుకోమని మీట వేశాడు. చివరికి మమ్మల్ని దూరం నుంచి చూడగానే కుర్చీలోంచి లేచి, బాతులేమన్నాయి సార్ అని తనే అడిగేవాడు.

చూసేది ఒకటీ లేనప్పుడు ఇన్నెందుకని నేను కుస్తీ మూసెయ్యబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.

"ఖాళీ రోడ్డు మీద ఎవడైనా నడుపుతాడే. రద్దీలో నడవాలి."

పైగా తెర ముందు నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టాడు. అడ్డంగా చాచడం, ఎత్తడం, రమ్మనడం నాకు తెలిసినవే. కానీ పిడికిలి బిగించి ఛాతీ మీద గుండ్రంగా తిప్పడం, వేళ్లు గడ్డానికి ఆనించి ముందుకి విసరడం నేను ఏ జంక్షన్లోనూ చూడలేదు. అదేం సిగ్నలని అడిగాను. కొత్తగా వచ్చిందనీ, బడి మానేసినవాళ్లకి తెలియదనీ చెప్పాడు. అమ్మ ఆయన్ని డాక్టరుకి చూపిద్దామంది. అక్కడ నా చెల్లెలు అలిగి కూర్చుంటే ఇక్కడీయన బాతులు కాస్తున్నాడని అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ మాట ఆయన చెవిన పడింది. అయినా తలతిప్పలేదు, రైలుకి దారిచ్చాడు.

ఒక శనివారం ఈల మోగలేదు. రైలు నడిచింది, కుస్తీ నడిచింది, బాతులు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక్క అల కూడా తప్పకుండా ఈదాయి. తాతయ్య ఫోన్ తీసి, అమ్మమ్మకి కూడా చెప్పకుండా, చిన్నమ్మమ్మకి రెండు ముక్కలు పంపాడు. రోడ్డు బాగుచేశాం. ఒక్కసారి వచ్చి చూడు.

మర్నాడు ఆవిడ వచ్చింది. చేతులు కట్టుకుని వచ్చింది. చేతులే నోరైన మనిషి చేతులు కట్టుకుందంటే ఎంత కోపమో ఆలోచించండి. ఎప్పట్లాగే ముందు పెద్దమ్మమ్మ విండో తెరిచాం, పక్కన చిన్నమ్మమ్మది. కింద మూల బాతులు కూడా ఈదుతున్నాయి, తాతయ్య మూయనివ్వలేదు. అమ్మమ్మ పలకరించడానికి చేతులెత్తబోయింది. అంతలో తాతయ్య ఆవిడ కుర్చీ పక్కకి జరిపి, కెమెరాకి ఎదురుగా నిటారుగా నిలబడి చేతులెత్తాడు.

ఆవిడ లారీ కాదు తాతయ్యా అని చొక్కా పట్టుకుని లాగబోయాను. అప్పుడు చూశాను, పిడికిలి ఛాతీ మీద గుండ్రంగా తిరుగుతోంది. అది క్షమించమనడం. వేళ్లు గడ్డం మీంచి ముందుకి విసరడం, వచ్చినందుకు సంతోషమనడం. తెల్లగోడ ముందు వేళ్లు తిప్పే ఆవిడ నేర్పుతున్నది ఆ భాషేనని నాకు అప్పుడు తట్టింది. ఆవిడ వేళ్లు తడబడితే పాఠం ముక్కలవుతుంది, అందుకే ఆ బాతుల కాపలా. పెళ్లయిన నాటి నుంచీ తాతయ్య తన మరదలితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ప్రతిదీ అమ్మమ్మకి చెప్పడం, అమ్మమ్మ అందులో సగం మింగేసి మిగతాది అందించడం.

చిన్నమ్మమ్మ కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఆవిడ అటు నుంచి గబగబా ఏదో అంది. ఒక్క వేలూ మాయం కాలేదు, ఒక్క మాటా గాల్లో కలవలేదు. అమ్మమ్మ నవ్వాపుకోలేక, నవ్వుతూనే తాతయ్యకి చెప్పింది.

"క్షమించమంటున్నారా, నన్ను రోడ్డు పక్కకి ఆపమంటున్నారా బావగారూ అని అడుగుతోందండీ."

తాతయ్య చేతులు మరీ పెద్దవి. మెల్లగా ఊపడం ఆయనకి ఇప్పటికీ రాలేదు. కానీ ఆదివారాలు ఇప్పుడు మధ్యాహ్నం దాకా సాగుతున్నాయి. బావా మరదలూ కలిసి అమ్మమ్మ మీద చాడీలు చెప్పుకుంటారు, అదీ అమ్మమ్మ ఎదురుగానే. మధ్యలో తనకి పనే లేకుండా పోయిందని అమ్మమ్మ పెద్దమ్మమ్మతో మొరపెట్టుకుంటుంది. బాతులు మాత్రం మూల అలాగే ఈదుతుంటాయి.

ఇదంతా రాసి, పోయిన ఆదివారం తెర ముందు నిలబడి తాతయ్యకి చదివి వినిపించాను. పళ్ల డాక్టరు ముక్క చదివినప్పుడు కూడా ఆయన నవ్వలేదు. అయ్యాక, ఎలా ఉంది తాతయ్యా అని అడిగాను.

"అడ్డం జరగవే. మీ చిన్నమ్మమ్మ ఏదో అంటోంది."