స్విచ్చి మీద టోపీ

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. షోలాపూర్ కుంఠా నాకా చుట్టుపక్కల తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే, ఎలా నమ్ముతాను? అక్కల్‌కోట్ రోడ్డు మీద సైకిలెక్కించుకోమని అడిగే ముసలమ్మ దయ్యం కూడా నాదే. ఇది మాత్రం నేను అల్లింది కాదు.

తొంభైల మొదట్లో మాట. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో, నేను షోలాపూర్‌లో. పవర్‌లూమ్ షెడ్డులో పని, వెనక గదిలో పడక. మగ్గాలు నడిచినంతసేపు ఒక్కడినే ఉన్నానని తెలిసేది కాదు. కరెంటు పోతేనే కష్టం.

నా పక్క మగ్గం నర్సయ్య మామది. ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. తెగిన పోగు అతకడానికి మగ్గంలో చెయ్యి పెట్టాలంటే, ముందు మోటారు స్విచ్చి ఆపి, తన తెల్లటోపీ తీసి దానికి తగిలించేవాడు. లోపల చెయ్యి ఉంది, ఎవరూ ముట్టుకోవద్దని గుర్తు. కరెంటు లేనప్పుడూ అంతే.

"అరే, కరెంటు పోయింది గదా అని ఊకోకు. చెప్పి పోయిందా, చెప్పి వస్తదా? స్విచ్చి బంద్ జెయ్యి, టోపీ తగిలియ్యి, గప్పుడు చెయ్యి వెట్టు."

"మామా, దండం మగ్గానికి వెట్టాల్నా, నీ టోపీకా?" అనేవాణ్ణి. షెడ్డంతా నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. మర్నాడు మళ్ళీ అదే చెప్పేవాడు.

ఆ వానాకాలం జ్వరంతో పోయాడు. ఆయన భార్య నర్సవ్వత్త ఆ టోపీ ఆయన తలకే పెట్టి సాగనంపింది. పాడె మోసినవాణ్ణి, కళ్ళారా చూశాను. ఆయన మగ్గం నాకిచ్చారు.

నెల తర్వాత ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరూ చాయ్‌కి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఆ రోజు ఎవరికీ కథ చెప్పబుద్ధి కాలేదు. ఆయన మగ్గం మీద నాలుగు పోగులు తెగి ఉన్నాయి. స్విచ్చి ఆపలేదు. వంగి రెండు చేతులూ లోపల పెట్టాను.

ఒక్కసారిగా కరెంటు వచ్చింది. షెడ్డులో మగ్గాలన్నీ ఉరిమినట్టు లేచాయి. నా చేతులున్న మగ్గం ఒక్కటే కదల్లేదు.

తలెత్తి చూస్తే స్విచ్చి బంద్ చేసి ఉంది. దాని మీద తెల్లటోపీ. అంచున నూనె మరక.

అరుచుకుంటూ రోడ్డు మీదికి పరిగెత్తి అందరినీ తీసుకొచ్చాను. స్విచ్చి బంద్ చేసే ఉంది. టోపీ లేదు.

"నువ్వే బంద్ జేసి, నువ్వే మర్సినవ్," అన్నారు. "మంచిగనే కట్టినవ్ కథ."

సాయంత్రం నీలం నగర్‌లో నర్సవ్వత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె ఒక్కతే నమ్మితే చాలనిపించింది. బీడీలు చుడుతూ అంతా విన్నది.

"సచ్చినోని మీద గూడ గప్పాలేనారా?" అన్నది.

తల వంచుకుని లేచాను. గడప దాటుతుంటే వెనక నుంచి మెల్లగా అడిగింది: "టోపీకి ఎటు దిక్కున్నదిరా మరక?"

"ఎడమ దిక్కు, అత్తా."

ఆమె చేతిలోని బీడీ చుట్టడం మానేసింది.

ఇన్నేళ్ళయినా ఆ స్విచ్చి ఎవరు ఆపారో నాకు తెలియదు. సాక్ష్యమేదని ఎవరైనా అడిగితే పది వేళ్ళూ చూపిస్తాను. "అందరికీ ఉన్నయే గదనే," అని నవ్వుతారు.