కెప్టెన్ హెస్కెత్ పాదాలు

కెప్టెన్ హెస్కెత్ అంటే మొదట్లో, ఆయన కంపెనీలో సార్జెంట్‌నైన నాకు ఒళ్ళు మంట. ఆయన తండ్రి ఇంగ్లండులోని మా లాంకషైర్‌లో మిల్లు మగ్గాలు బాగుచేసేవాడు. కొడుకు మామూలు సిపాయిగా చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫీసరయ్యాడు. పెద్దింట పుట్టిన ఆఫీసర్లకు దర్పం ఉంటుంది. ఈయనకు చాదస్తం.

ఆ చాదస్తమంతా మా పాదాల మీదే. ఇటలీ కొండ మీద ఆ చలికాలం మేం కాపుకాసే గుంతల్లో మోకాలిలోతు బురద. తడి బూట్లలో పాదం మొద్దుబారి, ఉబ్బి, నల్లబడేది. పక్క కంపెనీలో తూటాలకన్నా దానివల్లే ఎక్కువమంది ఆసుపత్రి పాలయ్యారు. మా కొండ చేజారితే కిందనున్న రోడ్డంతా జర్మన్లదే. ఉన్నదే కొద్దిమందిమి, ఒక్కడు తగ్గినా ఒక గుంత ఖాళీ.

అందుకని రోజూ పొద్దున్నే హెస్కెత్ గుంత గుంతకీ పాక్కుంటూ వచ్చి బూట్లు విప్పించేవాడు. జంటలుగా కూర్చుని ఒకడి పాదాలు ఇంకొకడు రుద్దాలి. తడి మేజోళ్ళు చొక్కాలోపల పొట్టకానించి ఆరబెట్టుకోవాలి.

"మా ఆవిడ కాళ్ళే ఏనాడూ పట్టలేదు సార్, ఈ వెధవవి పట్టాలా?" అన్నాడు పిల్కింగ్టన్ అనే సిపాయి.

"ఇంటికెళ్ళాక ఆవిడకీ పడుదువుగాని. అప్పటికి చెయ్యి తిరుగుతుంది. ఊఁ, రుద్దు!"

తిట్టుకుంటూనే రుద్దుకున్నాం. జర్మన్లు రెండుసార్లు పైకొచ్చారు. రెండుసార్లూ ప్రతి గుంతలో మనిషి నిలబడే ఉన్నాడు. దాంతో నా మంట చల్లారింది.

ఒక ఉదయం ఆయన నా గుంతలోకి దిగబోయి తూలి నా మీద పడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"బూట్లు విప్పండి సార్."

"నా సంగతి తర్వాత చూద్దాంలేవయ్యా."

"తర్వాతా లేదు, గిర్వాతా లేదు. విప్పండి!"

సిపాయిల పాదాలు ఆఫీసరు చూస్తాడు. ఆఫీసరు పాదాలు చూసే అధికారం మా సైన్యంలో ఎవరికీ లేదు. మాకందరికీ జంటలున్నాయి, ఆయనకు లేదు. దీపం కిందే చీకటి! బూటు కోసి తీస్తే వేళ్ళు బొగ్గుల్లా ఉన్నాయి. నాకు ఏడుపాగలేదు.

"ఎవరికీ చెప్పకు టాటర్సాల్. మన బదులు ఇంకో దళం వచ్చేదాకా నేనిక్కడే. నిలబడలేకపోతే కూర్చుని కాస్తాను."

అన్నంత పనీ చేశాడు. బదులు దళం వచ్చాక మా కంపెనీ తన కాళ్ళమీదే కొండ దిగింది. ఆయన్ని స్ట్రెచర్ మీద మోసుకొచ్చాం.

వేళ్ళన్నీ తీసేశారు. ఇక ఇంటికి పొమ్మన్నారు డాక్టర్లు.

"నడిపించలేనేమో గానీ నేర్పలేనా?" అని పట్టుబట్టాడాయన. చెప్పిందే చెప్పి, వాళ్ళు విసిగి ఒప్పుకునేదాకా వదల్లేదు.

యుద్ధం ముగిశాక కుర్ర ఆఫీసర్లకు శిక్షణనిచ్చే బడిలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. నన్నూ అక్కడికే రప్పించుకున్నాడు. మొదటి పాఠానికి అందరూ మెరిసే బూట్లతో వరుసకట్టేవారు. ఆయన కుర్చీలో కూర్చుని కాలు చాపితే నేను బూటు విప్పేవాణ్ణి. ఆ మొండి పాదం చూసి అందరూ తమ బూట్లకేసి చూసుకునేవారు.

"చూశారుగా? యుద్ధంలోకి వెళ్ళాక మీ సార్జెంట్‌ని పిలిచి, ముందు మీ పాదాలు చూపించండి" అనేవాడు.