దీవెనమ్మ ఆంటీకి వచ్చిన పిలుపు

కువైట్‌లో ఇప్పుడు మేముండే ఎగైలా పేటలో సెలవుకు ఊరికి పోయేముందు ప్రతి ఇంట్లోనూ కార్టన్ల పండగ జరుగుతుంది. పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, దుప్పట్లు, సబ్బులు కుక్కి కుక్కి, అట్టపెట్టె నోరు మూసుకోకపోతే ఇంట్లో పిల్లవాణ్ణి దానిమీద కూర్చోబెట్టి మరీ గోధుమరంగు టేపు చుట్టేస్తారు. ఆ టేపు చర్రున లాగగానే వచ్చే జిగురు వాసనకు మా ఆయనకు ఊరు గుర్తొస్తుందట. నాకు మాత్రం ఊపిరాడదు. నా తొమ్మిదో ఏట, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఎండాకాలంలో, పేలుళ్ళకు అద్దాలు పగిలి మా మీద పడకూడదని మా నాయన హవల్లీలోని మా ఇంటి కిటికీలన్నిటికీ ఇదే టేపు అడ్డదిడ్డంగా అంటించాడు.

అంతకుముందు హవల్లీ అంటే మాకు స్వర్గం. రాజంపేట పక్క పల్లె నుంచి వచ్చిన మా నాయన, వీసా ఇచ్చిన కువైటీ యజమాని, అంటే కఫీల్, పేరుమీదున్న దర్జీ దుకాణంలో అరబ్బుల తెల్ల డిష్‌డాషాలు కుట్టేవాడు. పొద్దున్నే కాలుతున్న ఖుబ్జు రొట్టెల వాసన, మధ్యాహ్నం మూసిన తలుపుల్లోంచి కూడా దూరి అన్నంలో కరకరలాడే దుమ్ము, సాయంత్రం ఏసీ పెట్టెల కింద పడే నీటిచుక్కల్ని అరచేతిలో పట్టే మా పందేలు, రోడ్డుమీద పాలస్తీనా పిల్లల ఫుట్‌బాల్ గోల, ఇవన్నీ కలిసి ఒకటే ఊరు. మా కింది అంతస్తులో దీవెనమ్మ ఆంటీ ఉండేది. గోదావరి జిల్లా మనిషి, ఆస్పత్రిలో నర్సు, పెళ్ళి చేసుకోలేదు. శుక్రవారం వచ్చిందంటే బిల్డింగులోని పిల్లలందరినీ పోగేసి, ఆకుపచ్చ ఉన్నిగుడ్డ కట్టిన బోర్డుమీద బొమ్మలు అంటిస్తూ బైబిల్ కథలు చెప్పేది. మేం హిందువులం. "పిల్లోళ్ళను మతంలో కలిపేసుకుంటాదేమో" అని నాయన గొణిగేవాడు. అమ్మ మాత్రం, ఆ గంటసేపైనా ఇల్లు నిమ్మళంగా ఉంటుందని, తలదువ్వి మరీ పంపేది.

ఆ వేసవిలో ఆంటీ ముఖం వెలిగిపోతూ ఉండేది. ఆఫ్రికాలో మలావీ దేశపు పల్లెలో పిల్లలకు పాఠాలు, వాక్యమూ చెప్పడానికి తనకు పిలుపు వచ్చిందని అందరికీ చెప్పింది. ఎన్నో ఏళ్ళ ప్రార్థన అట. ఆస్పత్రి ఉద్యోగం వదిలేసింది, టికెట్టు తీసుకుంది. మా కడప వాళ్ళకు పిలుపంటే ఇంటికొచ్చి పెళ్ళికో పేరంటానికో పిలవడమే కాబట్టి నేను నిజంగానే అడిగాను.

"బొట్టు పెట్టి పిల్సినారా ఆంటీ?"

"పిలిచినాయనకి బొట్టూ అక్కర్లేదు, కాటుకా అక్కర్లేదమ్మా" అని పగలబడి నవ్వింది. అక్కడి పలకరింపు నేర్చుకుంటూ దాన్ని ముందు మా మీదే ప్రయోగించింది. మెట్లమీద ఎదురైతే మేం "ములి బ్వాంజి" అనకుండా ఆమె దారి ఇచ్చేది కాదు.

ఆంటీ ప్రయాణానికి ఇంకా కొద్దిరోజులుందనగా ట్యాంకులు వచ్చాయి. విమానాశ్రయం మూతపడింది. మలావీలో బడి తెరిచేలోపు చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారని ఆంటీకి తెలుసు. మాకు అవేవీ పట్టలేదు; కిటికీ దగ్గరికి పోవద్దు, గట్టిగా మాట్లాడొద్దు, బయట అడుగు పెట్టొద్దు అనే మూడు మాటల మధ్య మేం ఉడికిపోయాం. మా తమ్ముడు గోడకేసి బంతి కొట్టినా అమ్మ గుండెలు బాదుకునేది. ఆ ఇల్లంటే నాకు అసహ్యం వేసింది. అప్పుడు ఆంటీయే కాపలావాణ్ణి బతిమాలి సిర్దాబ్ తాళాలు తెచ్చింది. సిర్దాబ్ అంటే బిల్డింగు కింద నేలమాళిగ. అక్కడ రోజూ బోర్డు పెట్టి పాఠాలు చెప్పేది. చేప కడుపులో ఇరుక్కున్న యోనా కథ చెప్పి, మూడు రోజులకు ఆ చేప అతణ్ణి ఒడ్డున కక్కేసిందని బొమ్మ తీసి చూపించింది.

"మనల్నింకా కక్కలేదే ఆంటీ" అన్నాడు మా తమ్ముడు.

వినాయక చవితికి బెల్లం దొరక్క అమ్మ ఖర్జూరం నలిపి పూర్ణం చేసి కుడుములు ఉడికించింది. ఆంటీ నైవేద్యం పెట్టినవి తినదు కాబట్టి దేవుడికి చూపించకముందే నాలుగు తీసి పక్కన పెట్టడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ ఏడు నాలుగు చాలలేదు. ఆంటీ దగ్గరికి ఆడపిల్లలు రావడం మొదలైంది. కువైటీల ఇళ్ళలో పనిచేసే కడప, రాయచోటి పిల్లలు, నిండా ఇరవై ఏళ్ళు లేని వాళ్ళు. యజమానులు వేసవికి విదేశాలకు పోయి అక్కడే ఆగిపోయారు. వీళ్ళ పాస్‌పోర్టులు కఫీళ్ళ ఇనప్పెట్టెల్లో ఉండిపోయాయి. అర్దియా నుంచి నడిచొచ్చిన ఈశ్వరమ్మ అనే పిల్ల పాదాలకు ఆంటీ కట్టు కడుతుంటే నేను దూది అందించాను. వాళ్ళంతా సిర్దాబ్‌లోనే చాపలమీద పడుకునేవాళ్ళు.

ఇండియా వాళ్ళను బస్సుల్లో జోర్డాన్ చేర్చి అక్కడినుంచి విమానం ఎక్కిస్తున్నారని తెలిసింది. ఏ బిల్డింగు వంతు వస్తే ఆ బిల్డింగుకు మనుషులొచ్చి చెప్పేవాళ్ళు. పొద్దున లేస్తే అందరి నోటా ఒకటే మాట, పిలుపు వచ్చిందా, పిలుపు వచ్చిందా అని. ఒకరోజు ఉప్పు అడగడానికి ఆంటీ ఇంటికి వెళ్ళాను. మోకాళ్ళమీద ఉంది. కళ్ళు తుడుచుకుని, "పిలుపొచ్చిందమ్మా" అంది. ఇంకేం వింటాను. ఉప్పు గిన్నె అక్కడే పడేసి, "దీవెనమ్మాంటీకి పిలుపొచ్చినాది" అని ప్రతి తలుపూ బాదుకుంటూ పైదాకా పోయాను. కాసేపటికి బిల్డింగంతా మూటలతో రోడ్డుమీద ఉంది. నాయన కుట్టుమిషన్ తలను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకున్నాడు. బస్సు లేదు. వీధి మూలమీద కాపలా ఉన్న ఇరాకీ సైనికులు వచ్చారు. తుపాకీ మొనతో ఆ మూట విప్పమన్నారు. నాయన పళ్ళతో లాగినా ముడి ఊడిరాలేదు. అంత భయపడ్డ నాయనను నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. పాత నర్సు బట్టలు తొడుక్కుని ఆంటీ పరుగున వచ్చి, అరబ్బీలో ఏదో నచ్చజెప్పి, మమ్మల్ని కోడిపిల్లల్లా లోపలికి తోలింది.

మెట్లమీద నాయన కోపంగా నిలదీశాడు. "పిలుపొచ్చిందని సెప్పినావంట గదమ్మా?"

"వచ్చిందండి. బస్సుది కాదు. ఈ పిల్లల కాగితాలు తేలేదాకా ఇక్కడే ఉండమని వచ్చింది."

నాయన మూట ఎత్తుకుని మెట్లెక్కిపోయాడు. మతం మాట ఆయన ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు.

అసలు పిలుపు ఆ తర్వాత కొద్దిరోజులకే వచ్చింది. ఆంటీ చేతిలో పాస్‌పోర్టు ఉంది, బస్సులో చోటూ ఉంది. అప్పుడు బయల్దేరితే మలావీకి ఇంకా అందుకునేది. అమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. "రా అక్కా, ఆ పిల్లోళ్ళను ఎవురో ఒకరు సూసుకుంటారులే" అంది.

"ఎవరో ఒకరంటే ఎవరండీ?" అంది ఆంటీ.

బస్సు కదిలాక నాకు ఏడుపు రాలేదు, ఆమె మీద కోపం వచ్చింది. అంత ఇరుకులోంచి బయటపడే దారి దొరికితే ఎవరైనా వద్దంటారా అని, ఎడారి దాటేదాకా అదే కోపం.

పెళ్ళయ్యాక కువైట్‌కు తిరిగొచ్చి హవల్లీలో మా బిల్డింగును వెతికాను. లేదు. ఆ చోట అద్దాల మేడ, కింద ఫోన్ల దుకాణాలు. సిర్దాబ్‌ను కార్లు నిలిపే చోటు చేశారు. పాలస్తీనా పిల్లల గోల లేదు, యుద్ధమయ్యాక వాళ్ళను వెళ్ళగొట్టేశారు, ఆ పిల్లలే లేరు. మా నాయన కుట్టిన డిష్‌డాషాలు ఎప్పుడో చిరిగిపోయి ఉంటాయి, ఆయనా పోయాడు.

పోయిన నెల ఎగైలా బస్టాపులో ఒక పెద్దావిడ రాయచోటి మాటలు వినబడి పలకరించాను. మాటల్లో ఈశ్వరమ్మ అని తేలింది. అప్పట్లో వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి, మామా అని పిలిచే వేరే యజమానురాలి ఇంట్లో ఇన్నేళ్ళుగా వంట చేస్తోంది. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చలి మొదలయ్యాక గాని తమకు కాగితాలు రాలేదని, ఆంటీ తమ అందరితోపాటే ఇండియా చేరి, ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో దించి, తర్వాత తన ఊరి ఆస్పత్రిలోనే పనిచేస్తూ కాలం చేసిందని చెప్పింది.

"అయితే ఆఫ్రికాకు పోనే లేదా?" అన్నాను.

ఈశ్వరమ్మ కళ్ళు తుడుచుకోవడం ఆపి నావైపు వింతగా చూసింది. "ఆఫ్రికానా? ఆ పేరు మాకాడ ఎప్పుడూ ఎత్తలేదే. ఆడ ఆయమ్మకు ఎవురుండారు?"

బస్సు వచ్చి ఆగింది. "ఎవురూ లేరక్కా, ఊరికే అడిగినా" అని, సంచి అందుకుని ఆమెను ముందు ఎక్కించాను.