తారను అడిగిన ప్రశ్న

గ్రహాల పేర్ల వెనక కథలు రాసుకురమ్మని మా అమ్మాయికి బడిలో చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం, పుప్పాలగూడలోని మా ఫ్లాట్‌లో కూర్చుని బుధుడి కథ చెబుతున్నాను. చంద్రుడు దేవతల గురువు భార్య తారను ఎత్తుకుపోయాడు. ఆమె కోసం దేవతలూ రాక్షసులూ నరుక్కున్నారు. బ్రహ్మ యుద్ధం ఆపి ఆమెను మొగుడికి అప్పగించాడు. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. ఆ బిడ్డ నాకొద్దన్నాడు గురువు. తీరా బుధుడు బంగారంలా పుట్టేసరికి ఇద్దరూ నాదంటే నాదని కొట్టుకున్నారు.

"తారను ఎవరూ ఏమీ అడగలేదా?" అంది మా అమ్మాయి.

"అడిగారు, ఆఖర్న. తండ్రి ఎవరని."

అంతలో పక్క ఫ్లాట్‌లో ఏదో భళ్లున పగిలింది. అక్కడుండే భార్యాభర్తలిద్దరూ మాదాపూర్‌లో ఉద్యోగులు. ఆమెకు ఆరో నెల. అతని అనుమానం గోడలోంచి మాకు రోజూ వినబడేదే. ఆ రోజు దెబ్బలు కూడా వినబడ్డాయి. వెళ్లి తలుపు బాదాను. ఆమే తీసింది. పెదవి చీలి, చున్నీ అంతా రక్తం. అతను వెనకనుంచి జుట్టు పట్టి లోపలికి లాగుతున్నాడు.

"గా కడుపు ఎవనిదో చెప్పు. చెప్పకుంటే చంపుత."

నాకు ఒళ్లు మండిపోయింది. కాలి చెప్పు తీసి అతని మొహం మీద కొట్టాను. అతను నన్ను గోడకేసి తోశాడు. మోచెయ్యి చిట్లింది. లేచి మళ్లీ కొట్టాను, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. అతని పట్టు సడలగానే ఆమెను మా ఇంట్లోకి లాక్కొచ్చాను.

కాసేపటికి అపార్ట్‌మెంట్ పెద్దలు నలుగురు మా హాల్లో చేరారు. అతను గుమ్మం బయట ముక్కు తుడుచుకుంటున్నాడు. అసోసియేషన్ సెక్రటరీ, నెరిసిన జుట్టాయన, ఆమెకు నచ్చజెప్పడం మొదలుపెట్టాడు.

"ఆలుమగలన్నంక గిట్లనే ఉంటది బిడ్డా. ఇంటికి పో. ఇగ చెయ్యి చేసుకోడు, నేను చెప్త."

"పోతే చంపుతడు సార్."

"ఏం చంపడు. జర ఒక్క మాట చెప్పు, ఆయన పరేషాన్ తీరుతది. కడుపు ఎవరిది?"

మా అమ్మాయి నావైపు చూసింది. నేను నోరు తెరవబోతే పక్కింటామె చేత్తో వారించింది. చున్నీతో పెదవి అద్దుకుని తలెత్తింది.

"ఎవరిదైతే ఏంది సార్? మీదైతే కాదు కద."

సెక్రటరీ లేచి చెప్పులేసుకున్నాడు, తక్కినవాళ్లూ ఆయన వెనకే వెళ్లారు. ఆమె వెళ్లి తలుపుకు గొళ్లెం పెట్టింది. తర్వాత నా ఫోన్ తీసుకుని పోలీసులకు తనే చేసింది.